నా ఫోన్‌లో ఇంకా శనివారమే

"ఏమే, నా ఫోన్‌ల ఇంకా శనివారమే ఉన్నదేందే?"

"అమ్మమ్మా, జర మెల్లగ. పైన కిరాయికున్నోళ్లు లేస్తరు."

"లేవనీ. ఆళ్లన్న నీళ్లు పట్టుకున్నరు. మన డ్రమ్ము ఎండిపోయి ఉన్నది, పోయి చూడు. నాలుగుముప్పావుకు మోగాల్సిన అలారం మోగలే. లేచి చూస్తే శనివారమంట, సాయంత్రం ఏడు దాటిందంట. నిన్న నేను ఒక్కపొద్దున్న. ఇంకోసారి ఉండమంటవా?"

"నేనే మార్చిన. మా ఆఫీసు పేజీ అమెరికాల ఎట్ల కనబడుతదో చూద్దామని నీ ఫోన్‌ను న్యూయార్క్ టైంల పెట్టిన. మళ్ల తిప్పుడు మర్చిపోయిన."

"న్యూయార్క్ పంపనీకి నా ఫోనే దొరికిందా నీకు?"

"నాది పంజగుట్టల రిపేరుకిచ్చిన గద. కొత్తది కొంటనంటే నువ్వే వద్దంటివి."

"అద్దం పగిలితే అద్దం మారుస్తరు. ఫోన్ పారేస్తరా?"

"సరే, ఒక్కరోజు నీళ్లకు ఇంత లొల్లి ఎందుకు? ట్యాంకర్ పిలుద్దాం."

"పిలువు. పోయిన మీ తాత పైనుంచి పైసలు పంపుతడు."

మార్చి నెలలో ఒక ఆదివారం, తెల్లవారి ఆరు కావడానికి పది నిమిషాలుందనగా మా ఇంట్లో జరిగిన గొడవ ఇది. అమీర్‌పేట నుంచి పంజగుట్టకు పోయే దారిలో లోపలికి తిరిగితే మా గల్లీ. ఇక్కడ నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. అయిదింటికి వస్తే అయిదుముప్పావుకు బందు. ఆ ముప్పావు గంటలో పట్టుకున్నవాళ్లకు పట్టుకున్నన్ని. ఆ రోజు నన్ను లేపింది అలారం కాదు, పక్కింటివాళ్ల మోటారు ఆగిపోయిన చప్పుడు.

నాతో వాదిస్తున్నది నా కూతురి కూతురు. చదువు అయిపోయాక ఉద్యోగం కోసం వచ్చి రెండేళ్లుగా నా దగ్గరే ఉంటోంది. అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సులు చెప్పే చోట్లు గల్లీకి పది ఉంటాయి. అలాంటి ఒకదానిలో తను పనిచేస్తుంది. పాఠం చెప్పదు. ఇక్కడ తెల్లవారి సారు పాఠం చెబుతుంటే అమెరికాలో ఉన్నవాళ్లు వాళ్ల ఇళ్లలో కూర్చుని వింటారు. ఆ పాఠం వాళ్ల ఊళ్లో ఎన్నింటికి పడుతుందో వెబ్‌సైటు పేజీలో చూపించే పని మా పిల్లది. మొదటి పాఠం ఉత్తగా చెబుతారు, దాన్ని డెమో అంటారు. డెమో నచ్చితేనే మనుషులు చేరతారు. డెమోకే రాకపోతే ఆ నెల బ్యాచి లేనట్టే.

నీళ్లు పోయినందుకు నేను ఇంకా నాలుగు మాటలు అనేదాన్నే. కానీ ట్యాంకర్ మాట దగ్గర పిల్ల ఏడుపందుకుంది. ఊరికే ఏడ్చే పిల్ల కాదు. మంచం మీద కూర్చోబెట్టి అడిగితే అప్పుడు చెప్పింది.

"రేపు డెమో ఉన్నది అమ్మమ్మా. టైం మళ్ల తప్పు చూపిస్తే ఎల్లుండి నుంచి రావద్దన్నడు మా ఓనర్ సారు."

"మళ్ల అంటే? ఇంతకుముందు తప్పు చూపించినవా?"

"నవంబర్ల."

నవంబరులో జరిగింది నాకు చెప్పనే లేదు. ఆ దేశంలో ఎండాకాలం వచ్చే ముందు గడియారం ఒక గంట ముందుకు జరుపుతారట, చలికాలం వచ్చే ముందు మళ్లీ వెనక్కి తిప్పుతారట. దాదాపు దేశం మొత్తం ఒకే రాత్రి! మన పిల్ల పేజీలో మన టైంలోంచి తొమ్మిదిన్నర గంటలు తీసేయమని రాసి ఊరుకుంది. ఎండాకాలమంతా ఆ లెక్క సరిపోయింది. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకోగానే తేడా పదిన్నర గంటలయింది. పేజీకి ఆ సంగతి ఎవరు చెబుతారు? అది తొమ్మిదిన్నరే తీస్తూ కూర్చుంది. డెమో వాళ్ల రాత్రి ఎనిమిదిన్నరకు మొదలైతే, పేజీ చూసుకున్నవాళ్లు తొమ్మిదిన్నరకు వచ్చారు. అప్పటికి సారు పాఠం ముగించి చాయ్ తాగుతున్నాడట. ఆ నెల బ్యాచి పోయింది.

"ఇప్పుడు అంకెలు తీసేసిన. ఊరి పేరు పెట్టిన. ఏ ఊరోళ్లు ఎప్పుడు జరుపుకుంటరో కంప్యూటర్‌కే తెలుస్తది," అంది.

"తెలిస్తే ఏడుపెందుకు?"

"వాళ్లు జరుపుకునేది ఇయ్యాలనే. మన పన్నెండున్నరకు. అప్పుడు కండ్లతోని చూస్తెనే నాకు నమ్మకం. అందాక నీ ఫోన్ గట్లనే ఉండనియ్యవా?"

ఆ ఉద్యోగం పోతే మా అల్లుడు పిల్లను వెంటనే తీసుకుపోయి మంచిర్యాలలో తన దుకాణం గల్లా పెట్టె ముందు కూర్చోబెడతాడు. చెడ్డవాడు కాదు. కానీ కూర్చున్నాక లేవనివ్వడు. నన్ను నాలుగో తరగతిలో బడి మాన్పించి కూర్చోబెట్టిన ఇల్లు నాకు ఇంకా గుర్తుంది. ఫోన్ దాని చేతిలో పెట్టాను. డ్రమ్ము సంగతి మాత్రం వదల్లేదు. ఎదురింటి వాళ్లనడిగి నాలుగు బిందెలు దానితోనే మోయించాను.

పన్నెండు దాటాక ఇద్దరం వంటింట్లో గడప దగ్గర కూర్చున్నాం. నేను చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నాను. ఫోన్ పీట మీద పెట్టాం. గోడ గడియారంలో పన్నెండు ఇరవై అయిదు. ఫోన్‌లో అర్ధరాత్రి దాటి ఒకటి యాభై అయిదు, అక్కడా ఆదివారమే.

"మంది నిద్రలుండంగ మార్చుకుంటరా?"

"అందుకే ఆ టైంకు పెట్టిన్రు. ఎవరికీ తకలీఫ్ ఉండదని."

"మన నల్లా ఇడిచే ఆయన సుత గట్లనే అనుకుంటడు, టైం మార్చినప్పుడల్ల."

పిల్ల నవ్వింది. పొద్దున్నుంచి అదే మొదటి నవ్వు. ఒకటి యాభై ఎనిమిది. ఒకటి యాభై తొమ్మిది. చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ తర్వాత రెండు పడాలి కదా, పడలేదు. మూడు పడింది. నేను గోడ గడియారం వైపు చూశాను. అది పన్నెండున్నర చూపిస్తోంది.

"రెండు ఏడబాయెనే?"

"లేదు అమ్మమ్మా. ఇయ్యాల వాళ్లకు రెండు లేదు."

డెబ్బై దగ్గరికి వచ్చాను. తిథి ఎగిరిపోవడం పంచాంగంలో చూశాను కానీ గంట ఎగిరిపోవడం కళ్లారా చూడటం అదే. పిల్ల మాత్రం వెంటనే ఫోన్ అందుకుని పేజీ తెరిచింది. చూసి ఒక్కసారి చప్పట్లు కొట్టింది.

"తొమ్మిదిన్నర! కరెక్టున్నది. సూడు, మన ఏడు గంటలకు వాళ్లకు రాత్రి తొమ్మిదిన్నర."

చూపించింది కాబట్టి చూశాను. నాకు ఇంగ్లీషు రాదు. కానీ వారాల పేర్లు వస్తాయి, పాల ప్యాకెట్ల పుణ్యాన. ప్యాకెట్ మీద ఆ రోజు వారం మూడక్షరాలు వేస్తారు. దుకాణంవాడు నిన్నటి పాలు అంటగట్టకుండా ఆ మూడక్షరాలు నేర్చుకున్నాను. ఇరవై ఏళ్లుగా రోజూ చూసేవే. పేజీ పైన పెద్దగా ఉన్నది సోమవారం ప్యాకెట్ మీది అక్షరాలు.

"ఇది సోమవారమా?"

"అవును, రేపు సోమవారమే గద డెమో."

"మనకు సోమవారం. వాళ్లకు?"

"వాళ్లకు రాత్రి తొమ్మిదిన్నర."

"గంట అడుగుతలేనే. వారం అడుగుతున్న. ఇయ్యాల పొద్దుగాల మనకు ఆదివారం వచ్చినంక సుత ఈ ఫోన్‌ల శనివారమే ఉండె. దాని మీదనే కద లొల్లి చేసిన. మరి రేపు మనకు ఏడైనప్పుడు వాళ్లకు సోమవారం యాడికెళ్లి వస్తది?"

నాకు వారం ముఖ్యం. శనివారం ఒక్కపొద్దు, మంగళవారం గోళ్లు తీయను, గురువారం తల రుద్దుకోను. మా అమ్మ చెప్పిన ప్రకారం అసలు వారం మారేది పొద్దు పొడిచాకే. అర్ధరాత్రి పన్నెండుకే వారం మార్చేసే ఫోన్లంటే నాకు ముందునుంచీ పెద్ద గౌరవం లేదు. అందుకే గంట చూడకముందు వారం చూశాను. ఇందులో నా తెలివి ఏమీ లేదు.

పిల్ల ఫోన్ పైకీ కిందికీ జరిపి చూసింది. నవంబరు నుంచి గంట భయమే దాన్ని పట్టుకుంది. రాత్రి కూడా ఈ ఫోన్‌లో గంట ఒక్కటే చూసి పడుకుందట. ఊరి పేరు పెట్టినప్పుడు పైన వారం మాత్రం కొత్తగా చేత్తో రాసి పెట్టేసింది. ఆఫీసులో ఎవరూ పట్టుకోలేదు. అమీర్‌పేటలో కూర్చున్నవాళ్లందరికీ అది పొద్దుటి బ్యాచి, సోమవారం బ్యాచి. అందరూ ఇక్కడినుంచే చూస్తే అది తప్పెలా అవుతుంది?

"ఒక దినం లేటు చూపిస్తున్నది అమ్మమ్మా," అంది. "రేపు రాత్రికి వస్తరు వాళ్లు. అప్పటికి డెమో అయిపోయి ఒకరోజు అయితది."

ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే అరగంట పట్టింది. వారం కూడా గంటతోపాటే మారేలా చేశానంది. ఫోన్‌లో చూపిస్తే ఈసారి ఆదివారం ప్యాకెట్ అక్షరాలు ఉన్నాయి. ఊపిరి పీల్చుకుని అన్నం పెట్టమంది.

"పెడుత. పేజీ దిద్దినవు, మంచిదే. మొన్ననే చూసి రాసుకున్నోళ్ల సంగతేంది?"

చెయ్యి కడుక్కోబోయేది ఆగింది. పద్నాలుగు మంది పేర్లిచ్చారట, అందరూ పాత పేజీ చూసి ఇచ్చినవాళ్లే.

"వాళ్లకు మెసేజ్ పెట్టాలంటే ఓనర్ సార్‌కు చెప్పాలె."

"చెప్పు."

"చెప్తే ఇయ్యాలనే తీసేస్తడు."

"చెప్పకపోతే రేపు తీసేస్తడు. ఆళ్లు సుత రారు. చెప్పినంకనే అన్నం."

కఠినంగానే అన్నాను. మెత్తగా అంటే ఆ పిల్ల సాయంత్రం దాకా ఫోన్ చేసేది కాదు. ఓనరు ముస్లిం ఆయన, మాట పెద్దది, లెక్క గట్టిది. నా ఫోన్‌లోంచే చేసింది, స్పీకరు పెట్టి. జరిగిందంతా చెప్పింది.

"క్యా బేటా! నవంబర్ల గంట. ఇప్పుడు పూరా దినమే? తరక్కీ అయితున్నది నీకు, మస్తు ఎదుగుతున్నవు."

"తప్పే సార్. పేజీ దిద్దిన. రాసుకున్నోళ్లకు మెసేజ్ పెట్టాలె."

"ఎవరు పట్టిన్రు తప్పు? మన ఆఫీసుల ఎవరన్నానా?"

"మా అమ్మమ్మ సార్."



"ఆమె ఏం చదివింది?"

"నాలుగో తరగతి సార్."

"సలాం చెప్పు ఆమెకు. మెసేజ్ ఇప్పుడే పెట్టు, అందరికీ, ఒక్కొక్కరికి వేరే వేరే. ఎవరి ఊరి టైం వాళ్లకు రాయి, వారం ముందుగాల రాయి. నీ సంగతి రేపు మాట్లాడుత."

అన్నం చల్లారిపోయింది. చిక్కుడుకాయ కూర కూడా. వేడి చేస్తే గ్యాసు దండగని అలాగే తిన్నాం. తిన్నాక పిల్ల పద్నాలుగు మెసేజ్‌లు రాసింది. రాసిందల్లా నాకు వినిపించింది, అర్థం కాకపోయినా విన్నాను.

ఆ సాయంత్రం ఏడింటికి నేనే మళ్లీ కదిలించాను. ఆ దేశంలో ఉన్న మనిషిని ఎవరినైనా అడుగు, మన ఇంట్లో చూసుకుని మనమే సరిగ్గా ఉందనుకుంటే ఎట్లా అని. పాత బ్యాచిలో చదివిన ఒకామె ఉందట. అక్కడ అప్పటికి ఆదివారం పొద్దున లేచి కూర్చుంది. పేజీ తెరిచి చూసి జవాబు పంపింది. ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర అని ఉంది, అంటే ఈ రాత్రికే కదా, అని. అది చదివాకగానీ పిల్ల నా ఫోన్‌ను హైదరాబాదుకు తేలేదు.

మర్నాడు పొద్దున ఆరున్నరకే పిల్ల ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఏడుకు పదినిమిషాలుందనగా మొదటి పేరు కనబడింది. ఏడు అయ్యేసరికి తొమ్మిది మంది వచ్చారు. సారు పాఠం మొదలుపెట్టాక ఇంకొకామె వచ్చింది, మెసేజ్ ఇప్పుడే చూశానంది. నలుగురు రాలేదు. ఎనిమిది గంటలకు డెమో అయిపోయింది. తొమ్మిదింటికి ఓనరు ఫోన్ చేసి, ఇంకో మూడు కోర్సుల పేజీలున్నాయి, వాటిల్లో కూడా వారం చేత్తో రాసిందే ఉంది, పదింటికి వచ్చి అవి దిద్దమన్నాడు. తీసేసే మాట ఎత్తలేదు. పిల్ల నిలబడే రెండు ఇడ్లీలు తిని, డబ్బా సంచిలో పెట్టుకుని పదికి పావు తక్కువకు వెళ్లిపోయింది.