దీర్ఘవృత్తంలో సూర్యగణం

వాగ్దేవికి నమస్కరించి, ఈ మాఘ శుద్ధ పంచమి నాడు, ముదిమి అనుమతించినంత మేరకు, నా తొలి కొలువునాటి ఘనకార్యమొకటి రాసిపెడుతున్నాను. ఆ రోజుల్లో ఛందస్సు తెలిసినవాడికి లోకంలో తెలియనిదంటూ ఉండదని గట్టిగా నమ్మేవాణ్ణి. (నాకు ఛందస్సు నేర్పిన గురువుగారికి సైతం ఆ నమ్మకం లేదు, అది పూర్తిగా నా స్వార్జితం.) మెట్‌పల్లికి రెండు బస్సు స్టేజీల ఇవతల ఉన్న ఒక జూనియర్ కళాశాలలో అప్పుడు నేను తాత్కాలిక తెలుగు పండితుణ్ణి. ఆ నెలాఖరుతో నా గడువు తీరిపోతుంది. తనిఖీకి వచ్చే అధికారి ఒక మంచిమాట రాస్తే కొనసాగింపు. రాయకపోతే పెట్టె సర్దుకోవడమే.

తనిఖీ రేపనగా లెక్కల సారు చెల్లెలి పెండ్లికని పెద్దపల్లి వెళ్ళిపోయారు. ఆయన తరగతి ఖాళీగా కనబడుతుందన్న బెంగతో మా ప్రిన్సిపాలు (అందరం పెద్దసారు అనేవాళ్ళం) నన్ను వరండాలో పట్టుకున్నారు.

"పంతులుగారు, రేపు రెండో పీరియడు రెండో ఏడు పిల్లల దగ్గర మీరు జర కూసోవాలె. దీర్ఘవృత్తం నడుస్తున్నది."

వృత్తమంటే గుండ్రని గీత అని నాకు తెలియక కాదు. కాని పద్యాలతో పెరిగినవాడి చెవికి, అది లెక్కల తరగతే అయినా, ముందుగా వినిపించేది ఉత్పలమాల, శార్దూలం వంటి వృత్తాలే. దీర్ఘవృత్తమన్నది నేను చదివిన లక్షణగ్రంథాల్లో ఎక్కడా తగల్లేదు. ఆ మాట ఒప్పుకుంటే పండితుడి పరువేం కావాలి?

"కూర్చోవడమెందుకు, పాఠమే చెబుతాను" అన్నాను.

పెద్దసారు నన్ను ఎగాదిగా చూశారు. "మీకు లెక్కలు సుత వచ్చునా?"

"లెక్క తప్పితే వృత్తమెట్లా నిలుస్తుందండీ?"

"గట్లయితె నాకు ఫికర్ లేదు" అని ఆయన నిశ్చింతగా వెళ్ళిపోయారు. నేనా సాయంత్రమంతా పుస్తకాలు తిరగేసి, పాదానికి ఇరవై ఆరు అక్షరాలు దాటిన పొడుగు పద్యాలకే ఎవరో ఈ పేరు పెట్టి ఉంటారని తీర్మానించుకున్నాను. ఆ తీర్మానంతో ఆగినా బాగుండేది. ముప్పై అక్షరాల పాదంతో సరస్వతీ స్తుతి ఒకటి స్వయంగా అల్లాను కూడా.

మరునాడు తనిఖీ అధికారి వెనక బెంచీలో కూర్చున్నారు. ఆదిలాబాదు వైపు పెద్దమనిషి, పూర్వాశ్రమంలో గణితాచార్యుడు. నేను నల్లబల్ల మీద "దీర్ఘవృత్తం" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, "దీనికి ఎన్ని పాదాలు?" అని గంభీరంగా అడిగాను.

తరగతి మొత్తం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది. ముందు బెంచీలో కూర్చున్న రైతుబిడ్డ, చురుకైన పిల్ల, లేచి నిలబడింది. "పాదాలు లెవ్వు సార్. నాభులున్నయి, రెండు."

"పద్యానికి నాభి ఏమిటమ్మా?"

నవ్వు మొదలైంది. అది అణగకముందే వెనక బెంచీ నుంచి అధికారి గొంతు వినిపించింది. "పంతులుగారు, పిల్లలకు గ్రహాల దారి గురించి సుత చెప్పుర్రి. గీ దీర్ఘవృత్తంల సూర్యుడు ఏడుంటడు?"

నా ప్రాణం లేచివచ్చింది. సూర్యుడంటే సూర్యగణమే కదా.

"సూర్యుడు ఆటవెలదిలో ఉంటాడండీ, తేటగీతిలోనూ ఉంటాడు. వృత్తాల్లో మాత్రం ఎన్నడూ రాడు."

ఆ తరువాతి నవ్వును వర్ణించే శక్తి నా దగ్గరున్న ఏ ఛందస్సుకూ లేదు. కిటికీ అవతల నిలబడ్డ పెద్దసారు తల పట్టుకున్నారు. అధికారి జేబులోంచి కలం తీశారు. ఆ కలం కాగితాన్ని తాకితే నా కొలువు ముగిసినట్లే.

అప్పుడు నన్ను ఆదుకున్నది ఆ పిల్ల అనుమానమే. "సార్, గ్రహం ఒకపారి జోరుగ, ఒకపారి నిమ్మళంగ పోతదని పుస్తకంల ఉన్నది. మనకెట్ల ఎరుకైతది? భూమి మీద కూసున్నోళ్ళకు ఏం తెలుస్తది?"

మా ఇంట తరతరాలుగా పంచాంగం గుణించేవారు. నోరు దానంతటదే తెరుచుకున్నది. "తెలుస్తుందమ్మా. రాశులన్నీ సమానమే, ఒక్కొక్కటి ముప్పై భాగలు, అంటే మీ డిగ్రీలు. అయినా సూర్యుడు ధనుస్సును ఇరవై తొమ్మిదిన్నర రోజుల్లోనే దాటుతాడు. మిథునాన్ని దాటడానికి ముప్పై ఒకటిన్నర పడుతుంది. నడకలో తేడా లేకపోతే నెలల్లో తేడా ఎందుకు వస్తుంది?"

అధికారి కలం జేబులో పెట్టేసి, బల్ల దగ్గరికి నడిచివచ్చి, నా ముత్యాల అక్షరాలను చేత్తోనే తుడిచి, కోడిగుడ్డు వాటంగా ఒక గీత గీశారు. ఒక నాభి దగ్గర చుక్క పెట్టారు. "వీడు సూర్యుడు. గుంజుడు, గదే ఆకర్షణ, ఎప్పుడు వీని దిక్కే ఉంటది. గందుకే వీని నుంచి భూమికి గీసిన గీత, సమాన కాలంల సమాన వైశాల్యం ఊడుస్తది. దూరం రెండింతలైతె గుంజుడు నాలుగో వంతు. గందుకే దారి గీ ఆకారం. నడిచేది భూమి, మనకు సూర్యుడు నడిచినట్లు కనబడుతది. ఇగ పంతులుగారి రోజులు పట్టుకోర్రి. దగ్గరుంటె రాశి జల్ది దాటుతది, రోజులు దూరపు వర్గం లెక్కన పెరుగుతయి. రోజుల నిష్పత్తికి వర్గమూలం తీస్తె దూరాల నిష్పత్తి."

పిల్ల కాగితం మీద గబగబా గుణించింది. "సార్, దగ్గరి దూరం కన్న దూరపు దూరం ముప్పయ్యో వంతు ఎక్కువ."

"అసలు లెక్క సుత గంతే" అన్నారాయన.

"గదేంది సార్, ధనుర్మాసం చలిల మనం సూర్యునికి దగ్గరున్నమా?"

"చలి భూమి ఒరుగుడుతోని వస్తది బిడ్డా, దూరంతోని కాదు."

పంచాంగం నుంచి భూమి దారి కొలత తేలిన ఆ గంటలో, నవ్విన పిల్లలే చప్పట్లు కొట్టారు. అధికారి నా చెయ్యి పట్టుకొని, "లెక్కలు మీకు రావు పంతులుగారు. కని లెక్క మీ ఇంట్లనే ఉన్నది" అన్నారు. ఆ స్పర్శకు నేను జానెడు పెరిగాను. (పాఠం చెప్పింది నేనేనని మూడేళ్ళు ప్రచారం కూడా చేసుకున్నాను.) తెలియదన్న ఒక్క మాటకు జంకి ముప్పై అక్షరాల పాదం అల్లుకున్న ఆ కుర్ర పండితుణ్ణి తలచుకుంటే, కోపం రాదు, పక్కన కూర్చోబెట్టుకొని ఆ పద్యం ఒక్కసారి చదివించుకోవాలనిపిస్తుంది. అది నాకిప్పుడు గుర్తు లేదు.

తనిఖీ జరిగిన తొమ్మిదో నాడు, ఫాల్గుణ శుద్ధ దశమి, గురువారం, నా కొలువును మరో ఏడాది కొనసాగిస్తున్నట్లు ఉత్తర్వు కళాశాలకు చేరింది.