బ్రాడ్‌వేకి బయలుదేరిన ‘ఓ’

పోయిన ఏడాది మాట. కౌలాలంపూర్‌లోని ఒక పెద్ద రంగశాలలో మా మ్యూజికల్ ఆఖరి వారం ఆడుతోంది. మ్యూజికల్ అంటే మాటలకన్నా పాటలతో ఎక్కువ నడిచే నాటకం. కొన్నేళ్ళు మలేషియా అంతా తిరిగిన ఆ నాటకం అక్కడినుంచి న్యూయార్క్‌కి, బ్రాడ్‌వేకి వెళ్ళబోతోంది. నేను దానికి సౌండ్ ఇంజనీరుని. హాలు వెనక మిక్సింగ్ డెస్క్ ముందు కూర్చుని, ఏ గొంతు ఎంత వినబడాలో చూసుకుంటూ ఫేడర్లు, అంటే జారే మీటలు, పైకీ కిందికీ జరిపే ఆడమనిషిని. నా పని బాగా జరిగితే నేనున్నానని ఎవరికీ తెలియదు. మైకు కూత పెడితే మాత్రం హాలంతా వెనక్కి తిరిగి నన్నే చూస్తుంది. ఆ చూపులకు నేను ఏనాడో అలవాటు పడిపోయాను.

నాటకం కథ చిన్నదే. కొబ్బరి తోటలో కూలీల ఇంట పుట్టిన అమ్మాయి రేడియోలో పాడాలని పట్నం వస్తుంది. మాటలు చాలావరకు ఇంగ్లీషు, పాటలు కొన్ని మలయ్, కొన్ని తమిళం, ఒకే ఒక్కటి తెలుగు. ఒక్కటేనా అని మొదట్లో కొంచెం అలిగాను కూడా. మా తాతలు విజయనగరం వైపునుంచి ఇక్కడి బంటింగ్ ఎస్టేటుకి తోటపనికి వచ్చినవాళ్ళు, ఇంట్లో మాకు తెలుగే. ఆ పాట హీరోయిన్ తోట వదిలి వెళ్ళేటప్పుడు వస్తుంది. నడుమ సంగీతం బాగా తగ్గుతుంది, ఆమె చెట్లవైపు తిరిగి ‘అందరూ వచ్చినారా’ అని పిలుస్తుంది. పాట రాసినాయన ఎవరో పెద్దవాళ్ళ దగ్గర విని అందంకోసం పెట్టిన పిలుపు అది. దానికి జవాబు ఉంటుందని మాలో ఎవరికీ తెలియదు.

అంతకు చాలా ముందు, కొబ్బరి తోటల ఊరు బాగన్ దాతుక్‌లో ఒక కమ్యూనిటీ హాల్లో ఆడినప్పుడు తెలిసింది. అక్కడి సీలింగ్ ఫ్యాన్ల రొదతోనే నాకు సగం ప్రాణం పోతోంది. హీరోయిన్ వేషం వేసే లలిత ఆ పిలుపు పిలవగానే హాల్లోంచి ‘ఓ’ అని జవాబు వచ్చింది. ఒకరిద్దరు కాదు, ముసలివాళ్ళంతా ఒక్కసారే పలికారు. లలిత నోరు తెరుచుకుని నిలబడిపోయింది. వాద్యాలవాళ్ళు ఏం చెయ్యాలో తోచక అదే ముక్కను తిప్పి తిప్పి వాయించారు.

షో అయ్యాక అప్పలనర్సమ్మ గారని ఒక పెద్దావిడ నా డెస్క్ దగ్గరికి వచ్చారు. డెబ్భై దాటిన మనిషి, చిన్నతనమంతా ఆ తోటల్లోనే గడిచింది. మేమెందుకు తెల్లబోయామో ఆవిడకి అర్థం కాలేదు. వాళ్ళ అమ్మ తోటలో ఆడకూలీల గుంపుకి పెద్ద. పని దిగే వేళకి చెట్ల చివర నిలబడి అలాగే పిలిచేదట. చెట్ల మధ్యనుంచి ఒక్కొక్క గొంతూ ‘ఓ’ అని పలికేదట. అందరూ ఉన్నారని తేలాకే ఇళ్ళవైపు నడిచేవారట.

“ఎవరైనా పలక్కపోతే పెద్దమ్మా?” అని అడిగాను.

“మల్లీ పిలిసేది. పలికిందాకా అక్కడే. ఒగ్గీసి ఎలాగెల్తాది?” అన్నారావిడ.

ఆ తరువాత మా డైరెక్టర్ ఇద్రిస్ ఆ చోట వ్యాంప్ పెట్టించాడు. వ్యాంప్ అంటే పాడేవాళ్ళు ముందుకు కదిలేదాకా వాద్యాలవాళ్ళు ఒకే చిన్న ముక్కను మళ్ళీ మళ్ళీ వాయించడం. ఆ నోటా ఈ నోటా సంగతి పాకింది. ఏ ఊళ్ళో ఆడినా పలికేవాళ్ళు తయారుగా వచ్చేవారు. జవాబు విన్నాకే లలిత మిగతా పాట అందుకునేది.

బ్రాడ్‌వే కబురు రాగానే మా అభిమానులు రెండు జట్లయ్యారు. అప్పలనర్సమ్మ గారి మనవరాలు శాంతి కౌలాలంపూర్‌లో బ్యాంకు ఉద్యోగి, అభిమానుల వాట్సాప్ గ్రూపు నడిపేది ఆ పిల్లే. గ్రూపులో సగంమంది విమానం టికెట్లు వెతుకుతుంటే, మిగతా సగం ఇక ఇది మన నాటకం కాదని ముందే సంతాపం ప్రకటించారు. అక్కడివాళ్ళు ప్లాస్టిక్ కొబ్బరిచెట్లు పెడతారేమోనని ఒకాయన బెంగపడ్డాడు. మావీ ప్లాస్టిక్‌వేనని ఆయనకి నేను చెప్పలేదు. శాంతికి మాత్రం ఎక్కడా చిన్న తేడా కూడా రాకూడదు, అమెరికాలో ఎవరూ మనల్ని చూసి నవ్వకూడదు. వాళ్ళ అమ్మమ్మకి ఊరంతా చెప్పుకునేంత గర్వం, దాంతోపాటే ఒక అనుమానం. అక్కడ పలికేది ఎవరు అని.

సరిగ్గా ఆ ప్రశ్నే న్యూయార్క్ నిర్మాతలకీ వచ్చింది. వాళ్ళ తరఫున వచ్చిన మేడమ్ మర్యాదస్తురాలు, చెప్పదలచుకున్నది సూటిగా చెప్పింది. అక్కడ మా నాటకం క్లిక్ మీద నడవాలి. క్లిక్ అంటే వాద్యాలవాళ్ళ చెవుల్లో ఆగకుండా కొట్టే తాళం. లైట్లూ సెట్లూ అన్నీ దానికి ముడిపడి ఉంటాయి. తెలుగు ముక్క తెలియని హాల్లో జవాబుకోసం ఆగితే ఎవరూ పలకరు, పాట అక్కడే చచ్చిపోతుంది. అందుకని జవాబు రికార్డు చేసి స్పీకర్లలో వెయ్యాలి, లేదంటే ఆ పాట తీసెయ్యాలి. ఆవిడ చెప్పిందాంట్లో నాకేమీ తప్పు కనిపించలేదు. ఇద్రిస్ రికార్డింగుకే ఒప్పుకున్నాడు.

లలిత మాత్రం మేకప్ గదిలో నన్ను పట్టుకుంది. “అక్కా, మిగతా పాటలు ఎవులైనా పాడతారు. ఇది తీసీసినారంటే నాను అంతదూరం ఏటికి ఎల్లాల?” అంది. ఆ పిల్ల తెలుగులో గట్టిగా పాడే పాట జీవితం మొత్తానికి అదొక్కటే. ఇంట్లో వాళ్ళమ్మ తెలుగులో అడిగితే తమిళంలో జవాబు చెప్పే రకం, ఆ రోజు నాతో మాత్రం తెలుగులోనే అంది.

మైకులు తీసుకుని బాగన్ దాతుక్ వెళ్ళాను. మొదట పలికినవాళ్ళనే కూర్చోబెట్టి, ఫ్యాన్లు ఆపించి, చెమటలు కారుతుండగా ‘ఓ’ రికార్డు చేశాను. చాలా బాగా వచ్చింది. ఇన్నేళ్ళలో నేను చేసిన మంచి రికార్డింగుల్లో అదొకటి.

కౌలాలంపూర్‌లో మధ్యాహ్నం ఆటకి ఆ ముసలివాళ్ళంతా బస్సు కట్టించుకుని వచ్చారు. శాంతి వాళ్ళ అమ్మమ్మని ముందు వరసలో కూర్చోబెట్టింది. న్యూయార్క్ మేడమ్ నా వెనకే కూర్చుంది. లలిత పిలిచింది. నేను బటన్ నొక్కాను. నాలుగు వైపులనుంచీ ‘ఓ’ వచ్చి హాలు నిండిపోయింది. మేడమ్ తల ఊపింది. కానీ హాల్లో ఒక్క మనిషి పలకలేదు. బస్సులో వచ్చినవాళ్ళు కూడా నోరు విప్పలేదు. లలిత ఒంటిమీది మైకులో నాకు వినిపించేవన్నీ బయటికి వినిపించవు. అలవాటుగా ఆగడానికి ఊపిరి తీసుకుంది, ఆగడానికి చోటు లేక ఆ ఊపిరితోనే తరువాతి చరణం అందుకుంది. నాకు మనసు చివుక్కుమంది.

ఆట అయ్యాక లాబీలో శాంతి సంబరంగా ఎదురొచ్చింది. “పర్ఫెక్ట్ లా, ఆంటీ,” అంది, మాట చివర ‘లా’ తగిలించే మా మలేషియా అలవాటుకొద్దీ. వాళ్ళ అమ్మమ్మ పక్కన కుర్చీలో చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎందుకు పలకలేదని అడిగాను.

“నువ్వు పలికించీసినావు గదా. మా గొంతులే, నాను పోల్చుకున్నాను. ఒకపాలి పలికినోల్లం మల్లీ ఎందుకు పలుకుతాం?” అన్నారు. కోపం లేదు, జరిగింది చెప్పారంతే. చేతిసంచీ సర్దుకుంటూ, “ఆ పిల్ల ఇంక ఎవులికోసం సూడాల?” అన్నారు.

శాంతి ముఖంలో నవ్వు తగ్గింది. “అది కాదు అమ్మమ్మా, అమెరికావోల్లు పలక్కపోతే?” అంది.

“మల్లీ పిలవమను.”

ఈ మాట ఆవిడ నాకు బాగన్ దాతుక్‌లో మొదటి రోజే చెప్పారు. అప్పుడు నేను దాన్ని పాతకాలం ముచ్చటగా విన్నాను. శాంతి కూడా ఏదో ఆలోచించుకుంది. పక్కనే కాఫీ కప్పుతో నిలబడ్డ మేడమ్ దగ్గరికి తనే వెళ్ళి, అమ్మమ్మ మాటల్ని ఇంగ్లీషులో చెప్పింది. తోటలో పిలుపెందుకో, పలక్కపోతే ఏం చేసేవారో అంతా చెప్పింది. నాలుగు రోజులుగా రికార్డింగే మంచిదని గ్రూపులో అందరితో కొట్లాడిన పిల్ల. మేడమ్ ఇద్రిస్‌ని పిలిచి, రేపు ఒక్క ఆట పాత పద్ధతిలో చూద్దామంది. కుదరకపోతే బటన్ నొక్కమని ఇద్రిస్ నాతో చెప్పాడు.

మర్నాటికి బస్సు వెళ్ళిపోయింది. హాల్లో అంతా పట్నంవాళ్ళు, రకరకాల భాషలవాళ్ళు. ఆ చోట క్లిక్ ఆపి వ్యాంప్ పెట్టాం. లలిత పిలిచింది. ఎవరూ పలకలేదు. నా వేలు బటన్ మీదే ఉంది. వ్యాంప్ తిరుగుతోంది. లలిత ఒక అడుగు ముందుకు వేసి మళ్ళీ పిలిచింది. బాల్కనీలోంచి ఎవరో సిగ్గుపడుతూ ‘ఓ’ అన్నారు. ఆమె అటు తిరిగి చూసి, మిగతావాళ్ళేరి అన్నట్టు నిలబడింది. అప్పుడు కింద వరసలు పలికాయి. మేడమ్ ఏమీ పొగడలేదు. ప్రివ్యూల వరకు, అంటే అసలు ప్రారంభానికి ముందు టికెట్ పెట్టి ఆడే ఆటల వరకు, ఇలాగే ఉంచుదాం, అక్కడ నడవకపోతే పాట తీసేస్తామంది.

న్యూయార్క్‌కి నేను వెళ్ళలేదు. అక్కడ వాళ్ళ సౌండ్ మనుషులు వాళ్ళకున్నారు. నా దగ్గరున్నదంతా వాళ్ళకి అప్పగించి ఊరుకున్నాను. అబద్ధమెందుకు, ఊరుకోలేకపోయాను. తిన్నా పడుకున్నా ఆ ఒక్క చోటే తలపుకి వచ్చేది.

ఒక ఆదివారం శాంతితో కలిసి బాగన్ దాతుక్ వెళ్ళినప్పుడు న్యూయార్క్ ఇంజనీరు దగ్గరనుంచి చిన్న సౌండ్ ముక్క వచ్చింది. మొదటి ప్రివ్యూలో ఆ చోట ఎలా వచ్చిందో పంపాడు. విరామం మీరనుకున్నంత ఉందా అని అడిగాడు. అప్పలనర్సమ్మ గారి వంటింటి బల్లమీద ఫోను పెట్టి వేశాను.

లలిత గొంతు వచ్చింది. అందరూ వచ్చినారా. తరువాత ఏమీ లేదు. ఎవరో దగ్గారు. వెనక ఎక్కడో ఒక నవ్వు. శాంతి కళ్ళు గట్టిగా మూసుకుంది. లలిత మళ్ళీ పిలిచింది.

“ఓ.”

అది ఫోన్లోంచి కాదు. అప్పలనర్సమ్మ గారు బల్ల పక్కన నిలబడి, ఫోనువైపు వంగి పలికారు. ఆ వెంటనే ఫోన్లో దూరంగా ఎవరో ఒకరు పలికారు, తరువాత ఇంకొంతమంది, తడబడుతూ, తలో శ్రుతిలో. లలిత పాట అందుకుంది.

“పెద్దమ్మా, అది రికార్డింగు. లలితకి వినపడదు,” అన్నాను.

“తెలుసు,” అన్నారావిడ, గ్లాసులు కడుగుతూ. “పిలిసినాది గదా మరి.”

విరామం సరిగ్గా ఉంది, ఏమాత్రం తగ్గించవద్దు అని ఆ ఇంజనీరుకి రాశాను. పాట తీసెయ్యలేదు. నాటకం బాగుపడిందా చెడిందా అని గ్రూపులో ఇప్పటికీ కొట్లాడుతూనే ఉన్నారు. నేనైతే ఇప్పుడు ఏ ఆటకి కూర్చున్నా, జనం పలకాల్సిన చోటు వచ్చేసరికి వేలు బటన్ మీదనుంచి తీసి చేతులు ఒళ్ళో పెట్టుకుంటాను.