పిన్ని బొమ్మలు చూసిన రోజు

తొంభైల చివర, నా చిన్నప్పుడు మేం కువైట్‌లో ఉండేవాళ్లం. నాన్న ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. బాబాయి పోయాక అమ్మ చెల్లెలు, మా పిన్ని కూడా కోనసీమ నుంచి వచ్చి, క్లీనింగ్ కంపెనీలో చేరింది. వాళ్లిచ్చిన గదిలో ఉంటూ శుక్రవారాలు మా ఇంటికి వచ్చేది. ఆవిడ ఏం పని చేస్తుందో బళ్లో ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

ఏడో తరగతిలో మమ్మల్ని ఒక చిత్రాల మ్యూజియానికి తీసుకెళ్లారు. పూర్వం విదేశీ సన్యాసినులు ఉంటూ ఆడవాళ్లకి వైద్యం చేసిన భవనమట. వాళ్ల ప్రార్థన గదిలోనే పెద్ద బొమ్మలు తగిలించారు. అందులో అడుగుపెట్టేసరికి నీలం యూనిఫాంలో పిన్ని నేల తుడుస్తోంది. నేను గబుక్కున స్నేహితురాలి వెనక్కి తప్పుకున్నాను. పిన్ని అది చూసింది.

చూడ్డానికి ఎవరైనా వస్తే తుడిచేవాళ్లు వెనక గదిలోకి పోవాలి. సూపర్‌వైజర్ యల్లా, పద పద అంటూ పిన్నికి చెయ్యి ఊపాడు. పిన్ని బకెట్టు గోడవార పెట్టి, చేతులు కడుక్కొచ్చి, మా వరస చివర నిలబడింది. రెండేళ్లుగా ఈ గది తుడుస్తున్నా ఒక్క బొమ్మనీ ఆగి చూడనివ్వలేదని, ఇది తన విరామం టైమని, వచ్చీరాని హిందీలో గొంతు పెంచకుండా చెప్పింది. అతను మమ్మల్ని చూపించి, వీళ్లలో నీవాళ్లున్నారా అని అడిగాడు.

పిన్ని నా వైపు చూడను కూడా లేదు. "ఎవరూ లేరు. నా అంతట నేనే చూడ్డానికొచ్చాను" అంది.

నన్ను కాపాడ్డానికే అలా అందని అర్థమై నా మొహం మండిపోయింది. వరసలోంచి వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుని, మా పిన్ని అని టీచరుకి గట్టిగానే చెప్పాను. టీచరు కొంచెం జరిగి మా ఇద్దరికీ చోటిచ్చింది. సూపర్‌వైజర్ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

పడవలు వెళ్లిపోతుంటే ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్ల బొమ్మ దగ్గర పిన్ని చాలాసేపు ఆగింది. "ఆ నడుం మీద చెయ్యేసుకున్నావిణ్ణి చూడవే. అచ్చం మీ అమ్మమ్మే" అంది.

వారం తిరక్కుండా ఆవిణ్ణి అర్దియా అనే చోట ఒక గోదాముకి మార్చేశారు. నావల్లేనని నేను ఏడిస్తే కోప్పడింది. "మార్చుకోనీవే. మళ్లీ అక్కడ వేసేరంటే మళ్లీ చూస్తాను" అంది.

ఇప్పుడు నా పిల్లలకి ఆ వయసొచ్చింది. ఎక్కడైనా గొప్పవాళ్లు వస్తున్నారని పనివాళ్లని పక్కకి పొమ్మంటే నేను ఊరుకోను. మా పిన్ని కువైట్‌లో నేల తుడిచేదని ముందు చెప్పి, ఆ తరవాతే మాట్లాడతాను. కొందరికి నచ్చదు. నచ్చకపోనీ.