తెర అంచున పిన్ని

డిస్కక్కకు నల్ల పట్టీలంటే ఒళ్ళు మంట. ఇప్పటి వీడియోలన్నీ వెడల్పుగా ఉంటాయి కదా, వాటిని డిస్కుకెక్కించి పాత డబ్బా టీవీలో పెడితే బొమ్మకి పైనా కిందా నల్లటి పట్టీలు పడతాయి. పట్టీలు పడగానే జనం కొట్టు మీదికి దండెత్తుతారు. "ఇదేం పనమ్మా, సగం టీవీకి మసి పూసిచ్చావు?" అని ఒకరు, "మా అల్లుడి ఫోన్లో ఈ నలుపు లేదే!" అని ఇంకొకరు. చెప్పి చెప్పి ఆవిడ నోరు నొప్పెట్టింది. చివరికొక ఉపాయం కనిపెట్టింది. వీడియోకి అటూ ఇటూ అంచులు కోసేసి, మిగిలిన నడిమి బొమ్మని తెర నిండా పరిచేయడం. అంతే, గొడవలు సద్దుమణిగాయి. కోసిన అంచుల్లో ఏం పోయిందని ఎవరూ అడగలేదు. వాళ్ళు అడగనప్పుడు తనకెందుకని ఆవిడా చూడలేదు.

పళ్ళ డాక్టరుగారి మెట్ల కింద ఇరుకు గది ఆవిడ కొట్టు. పైన డాక్టరు మిషను గుయ్యిమన్నప్పుడల్లా కింద ఆవిడ పళ్ళు జివ్వుమనేవి. పాటల క్యాసెట్లు నింపి ఇవ్వడంతో మొదలైన పని అది. టేపులు పోయి సీడీలొచ్చాయి, సీడీలు పోయి డీవీడీలొచ్చాయి, ఇప్పుడు డీవీడీలూ మూటాముల్లె సర్దుకుంటున్నాయి. "ఇంకా ఎన్నాళ్ళే ఈ పళ్ళేల వ్యాపారం?" అని భర్త ఎగతాళి చేస్తే, "ఊళ్ళో డబ్బా టీవీ ఒక్కటి బతికున్నా నా కొట్టుంటుంది. మీ పని మీరు చూసుకోండి" అనేది. మహా మొండిఘటం. పనిలో తనకి వంక పెట్టేవాడు పుట్టలేదని గట్టి నమ్మకం కూడా. అయితే ఒక్క మంచి అలవాటుండేది. డిస్కు పట్టుకెళ్ళినవాళ్ళు మళ్ళీ వచ్చి బాగుందని నోటితో చెప్పేదాకా వాళ్ళ అసలు వీడియోని కంప్యూటర్లోంచి చెరిపేది కాదు. ఈ కథలో ఆవిడ పరువు దక్కించింది ఆ అలవాటే.

ప్రెస్సు బాబాయిని ఆ వీధిలో ఎరగనివాళ్ళు లేరు. అచ్చాఫీసులో మిషన్ల పక్కన ఏళ్ళ తరబడి నిలబడి, నడివయసులోనే రెండు చెవులూ పోగొట్టుకున్న మనిషి. మాట పోలేదు. కాకపోతే తన గొంతు తనకే వినపడదు గనక ఆయన రహస్యం చెప్పినా వీధి చివరిదాకా వెళ్తుంది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టేస్తాడు. ఒకరోజు ఆయన పెన్ డ్రైవొకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మనవరాలి పుట్టినరోజు వీడియో. మా అమ్మాయి వచ్చినప్పుడు దాని ల్యాప్‌టాప్‌లో చూపించి, ఇందులో వేసిచ్చి వెళ్ళింది. మా ఇంట్లో ఉన్నది డబ్బా టీవీ, డిస్కుల ప్లేయరు. దాన్లో పడేట్టు చేసిపెట్టు."

డిస్కక్క మామూలుగానే అంచులు కోసింది, తెర నిండా పరిచింది, డిస్కుకెక్కించి చేతిలో పెట్టింది. మర్నాడే ఆయన తిరిగొచ్చాడు. ఆవిడ కంప్యూటరు వైపు తిరిగి కూర్చుని, "ఏం బాబాయ్, ఎలా ఉంది? ఒక్క పట్టీ లేదుగా?" అని గర్వంగా అడిగింది. జవాబు లేదు. మళ్ళీ అడిగింది. ఆయన బల్ల మీద వేలితో తట్టాడు.

"ఏదైనా అడిగితే మొహం ఇటు తిప్పి అడుగమ్మాయ్. నీ వీపుకి పెదాల్లేవు."

ఆవిడ నవ్వుతూ ఇటు తిరిగింది. ఆయన నవ్వలేదు.

"మీ పిన్ని లేదు" అన్నాడు.

"అయ్యయ్యో! ఎప్పుడు బాబాయ్?"

"ఇంట్లో ఉంది. నీ డిస్కులో లేదంటున్నా."

డిస్కక్క గబగబా అసలు వీడియో తెరిచింది. గది మధ్య బల్ల, కేకు, పాప, చుట్టూ చుట్టాలు. ఎడమ అంచున, గుమ్మాన్ని ఆనుకుని ఒక మనిషి నిలబడి ఉంది. కత్తిరించిన అంచుతో పాటు ఆ మనిషి మొత్తంగా ఎగిరిపోయింది. డిస్కక్క నాలిక్కరుచుకుంది.

"ఈవిడేనా? ఈవిడ అంత చివర ఎందుకు నిలబడింది?"

"ఎక్కడికెళ్ళినా అక్కడే నిలబడుతుంది. ఆ కెమెరా పక్క కుర్చీలో నేనున్నా. మేం పదిమందిలో ఉన్నా గొంతు లేకుండా కబుర్లాడుకుంటాం. ఆవిడ ఆ మూల నుంచి పెదాలు కదుపుతుంది, నేనీ మూల కూర్చుని నవ్వుకుంటా. చూసేవాళ్ళు ఈ ముసలాడికి మతి పోయిందనుకుంటారు. అనుకోనీ!"

చెప్తూ చెప్తూ ఆయన ఆగాడు. వీధి చివరిదాకా వెళ్ళే గొంతు కాస్తా సన్నబడింది.

"ఆ తర్వాత ఆవిడకి జబ్బు చేసింది. కుడివైపు నోరు వాలిపోయింది. కుడిచెయ్యి పట్టు తప్పింది, రాసి చూపించడానికీ లేదు. మాట ముద్దగా వస్తోందట, నాకెలాగూ వినపడదు. మొత్తం వాలిపోయినా నేను కూడబలుక్కునేవాణ్ణే. కానీ చూడనివ్వదు. నేను గదిలోకి రాగానే చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టేసుకుంటుంది. నాలుగు నెలలైంది అమ్మాయ్. నా చెవులు పోయినప్పుడు కూడా ఇల్లింత నిశ్శబ్దంగా లేదు."

పెళ్ళాం పాత మొహం చూసుకోవాలని ముసలాయన ఆరాటం కాబోలనుకుంది డిస్కక్క. "మీరు కూర్చోండి బాబాయ్, ఇప్పుడే సరిచేస్తా" అని అంచులు కోయకుండా, పట్టీలు పడితే పడనీ అని, మొత్తం వీడియోని డిస్కుకెక్కించి కొట్లో ఉన్న డబ్బా టీవీలో పెట్టింది. ఈసారి పిన్ని ఉంది. కానీ గోరంత ఉంది. మొహం ఉండాల్సిన చోట పాలిపోయిన మచ్చ. ఆ పెద్ద వీడియోలో బొమ్మని కూర్చిన చుక్కల్లో, అదే పిక్సెళ్ళలో, డిస్కులో పట్టేది ఐదో వంతే. దుప్పటిని దిండు గలీబులో కుక్కితే ముడతలు పడక ఏమవుతుంది? బాబాయ్ కుర్చీ ముందుకి జరుపుకుని, జరుపుకుని, చివరికి ముక్కు అద్దానికి తగిలేదాకా వంగాడు.

"పెదాలేవీ?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఆవిడ పౌరుషం లేచొచ్చింది. "రేపు రండి. పెదాలు లేకుండా డిస్కిస్తే నా పేరు మార్చుకుంటా" అని పంపించేసింది. పంపించాక తల పట్టుకుంది.

మొత్తం బొమ్మని కుదిస్తేనే కదా చుక్కలు పోయేది? కుదించకపోతే? డిస్కులో ఎంత పడుతుందో అంత ముక్కని, పిన్ని నిలబడ్డ చోటి నుంచి, ఉన్నదున్నట్టు కోసి తీస్తే ఒక్క చుక్క కూడా పోదు. అయితే మిగతాదంతా పోతుంది. కేకు పోతుంది, పాప పోతుంది, చుట్టాలంతా పోతారు. ఇన్నేళ్ళుగా నడిమి ఉంచి అంచులు పారేసిన చెయ్యి, ఈసారి అంచు ఉంచుకుని నడిమి పారేసింది.

కోసిన ముక్కని నడిపించి చూసింది. ఆ పుట్టినరోజులో ఇప్పుడు ఒక్క మనిషే ఉంది. పక్క నుంచి ఎవరివో మోచేతులు వెళ్తున్నాయి, ఎక్కడో చప్పట్లు వినిపిస్తున్నాయి, ఆవిడ మాత్రం గుమ్మాన్ని ఆనుకుని ఇటువైపే చూస్తూ పెదాలు కదుపుతోంది. కళ్ళలో ఒకటే కొంటెతనం. పెదాలు నిక్షేపంలా కనిపిస్తున్నాయి. అప్పుడు చూసింది డిస్కక్క. పెదాలు సగమే ఉన్నాయి. కెమెరా పెట్టిన మహానుభావుడు పిన్ని మొహాన్ని నిలువునా సగానికి కోసేశాడు. కుడి చెంప, కుడి కన్ను, సగం నోరు తెర బయటే ఉండిపోయాయి. అది తను కోసింది కాదు, ఇంక ఏ ఉపాయంతోనూ తేవడం కుదరదు.

ఈ ఒక్క పిన్నే కాదు. ఎన్నిళ్ళ వీడియోలు తన చేతి మీదుగా వెళ్ళాయి! ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఇలా గుమ్మం పక్కనే నిలబడి ఉంటారు కదా. నలుగురిలో ముందుకు రాని పెద్దమ్మలు, ఎవరూ పక్కకి పిలవని మేనత్తలు, ఏ మూలో చెంబు పట్టుకుని నిలబడ్డ తాతలు. వాళ్ళందరినీ, పట్టీలు పడతాయని, తీసి అవతల పారేసింది. ఆ రోజు నుంచి కొట్టుకి ఎవరొచ్చినా ముందే అడగడం మొదలుపెట్టింది: "పట్టీలు లేకుండా కావాలా, మనుషులందరూ కావాలా?" ఈవిడకి చాదస్తం పట్టిందని కొందరు గొణుక్కున్నారు.

మర్నాడు బాబాయ్ రాగానే, మొహం తిన్నగా ఆయన వైపు పెట్టి, ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. "నన్ను తిట్టినా సరే బాబాయ్. పిన్ని నోరు సగమే ఉంది. మిగతా సగం కెమెరాలోనే పడలేదు."

"తెలుసు" అన్నాడాయన.

"తెలుసా!"

"ల్యాప్‌టాప్‌లో చూశాగా. సగమే ఉంది. అయినా ఒక్క మాట పొల్లుపోకుండా పట్టుకున్నా. అది ఆవిడకి చూపించాలనే నా గోల. ఉత్తినే చెప్తే నమ్మదు, ఓదారుస్తున్నాననుకుంటుంది. ల్యాప్‌టాప్‌లో చూసిన రోజు కూతురు రమ్మని పిలిచినా తలుపేసుకుని పడుకుంది. ఇంట్లో, మా టీవీలో, మేమిద్దరమే ఉన్నప్పుడు చూడాలి."

డిస్కక్క చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని, డిస్కు పట్టుకుని కొట్టుకి తాళం వేసింది. "పదండి. మీ ప్లేయరు మొండికేస్తే మీవల్ల కాదు. పెట్టేసి వచ్చేస్తా."

రెండు గదుల ఇల్లు. పిన్ని కిటికీ పక్క కుర్చీలో ఉంది. మనిషి అలికిడి వినగానే ఎడమచేత్తో చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, రమ్మన్నట్టు తలూపింది. కళ్ళు మాత్రం వీడియోలో కళ్ళే. డిస్కక్క టీవీ ముందు కూర్చుని ప్లేయరు తుడుస్తుంటే బాబాయ్ హడావిడిగా టీ పెట్టి తెచ్చాడు. ఒక గుక్క తాగిందో లేదో డిస్కక్క ప్రాణం గిలగిల్లాడింది. దాన్ని టీ అనడం టీకి అవమానం. మరిగి మరిగి నల్లబడిన చేదు, దాని మీద గుప్పెడు పంచదార. మర్యాద కోసం రెండో గుక్క కూడా మింగింది. పిన్ని ఆవిడ మొహం వైపే చూస్తోంది.

డిస్కు తిరిగింది. డబ్బా టీవీ నిండా పిన్ని కనిపించింది, గుమ్మాన్ని ఆనుకుని, సగం మొహంతో. కుర్చీలో ఉన్న పిన్ని ఉలిక్కిపడి మొహం తిప్పేసుకోబోయింది. బాబాయ్ ఆవిడ పక్కన నేల మీద చతికిలబడి, టీవీలో ఆవిడ పెదాలు చూస్తూ గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

"'వియ్యపురాలు మళ్ళీ ఆపరేషన్ కథ ఎత్తుకుంది. మీకు చెవుల్లేవు, అదృష్టవంతులు.'"

చేతిరుమాలు కదల్లేదు.

"'ఆ రెండో ముక్క కేకు ముట్టుకున్నారో, ఇంటికెళ్ళాక చెప్తా మీ పని.' ముట్టుకున్నాలే! 'అల్లుడుగారు కెమెరా పెట్టిన తీరు చూడండి, ఆయన బూట్లు తప్ప ఏమీ పడేట్టు లేదు.'"

పిన్ని భుజాలు అదిరాయి. ఏడుపో నవ్వో డిస్కక్కకు తెలియలేదు. బాబాయ్ రిమోటు నొక్కి బొమ్మని ఆపేసి, పెళ్ళాం వైపు తిరిగాడు.

"చూశావా? ఉన్నది సగం నోరు. నేనొక్క మాటైనా వదిలానా? చెప్పు, వదిలానా? అదే సగం ఇప్పుడూ ఉంది కదే. నాకంతే చాలు. ఇంకా ఎన్నాళ్ళు నన్నిలా ఒంటరిని చేస్తావు?"

ఎడమచెయ్యి మెల్లగా కిందికి దిగింది. చేతిరుమాలు ఒళ్ళో పడింది. కుడివైపు వాలిన నోరు, ఎడమవైపు ఉన్న నోరు, రెండూ కలిసి ఏదో అన్నాయి. డిస్కక్కకు వినపడింది ఒక ముద్ద చప్పుడే, ఒక్క అక్షరం అర్థమైతే ఒట్టు. బాబాయ్ మోకాళ్ళ మీద ముందుకి జరిగాడు.

"ఏంటీ? మళ్ళీ చెప్పు."

ఆవిడ మళ్ళీ చెప్పింది. ఆయన మొహం విచ్చుకుంది. తర్వాత చిన్నబోయింది. తర్వాత వీధి చివరిదాకా వినపడేట్టు కేక పెట్టాడు.

"నా టీ తాగలేక చస్తోందట! నాలుగు నెలల నుంచీ!"

పిన్ని నవ్వుతోంది. కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా, నోటికి ఏమీ అడ్డం పెట్టుకోకుండా నవ్వుతోంది. బాబాయ్ గిరుక్కున డిస్కక్క వైపు తిరిగి, ఆవిడ పెదాల మీద చూపు నిలిపాడు.

"నిజం చెప్పమ్మాయ్. అంత అన్యాయంగా ఉందా?"

డిస్కక్క గ్లాసు కింద పెట్టింది. మొహం తిన్నగా ఆయన వైపు తిప్పింది.

"ఘోరం బాబాయ్" అంది, గొంతు పెట్టకుండా, ఉత్తి పెదాలతో.