పక్క మంచం కెన్యా తల్లి

నా కూతురు దోహాలో పుట్టినప్పుడు ఆసుపత్రిలో నా పక్క మంచం మీద ఒక కెన్యా ఆమె ఉండేది. స్కూల్ బస్సులో ఆయాగా పనిచేసేది. ఆమెకూ అదే తొలి కాన్పు; ముందురోజే కనింది. మాటిమాటికీ వాచిన కాలిని బొటనవేలితో నొక్కి, పడిన గుంటను చూసుకునేది.

"సిస్టర్, తల పగిలిపోతోంది. కళ్ళు మసకలేస్తున్నాయి," అని పొద్దుటి నుంచి మూడుసార్లు చెప్పింది. కరీంనగర్ నుంచి వచ్చిన నర్సు నావైపు తిరిగి నవ్వింది. "ఈ ఆఫ్రికోళ్లు గట్టిగుంటరక్కా. ఏం గాదు."

అప్పుడు నేనూ నమ్మాను. సిజేరియన్ కుట్లు మండుతున్నాయని నేను ఒక్కసారి అంటే డాక్టరమ్మ వెంటనే వచ్చి చూసింది.

మధ్యాహ్నం ఆ కెన్యా ఆమె, బస్సు డ్రైవర్ల దగ్గర నేర్చుకున్న హిందీలో నన్ను అడిగింది. "నువ్వు పిలిస్తే వస్తారు. నాకోసం పిలుస్తావా?"

గంట నొక్కి, తలనొప్పి నాకేనని అబద్ధమాడాను. డాక్టరమ్మ రాగానే ఆమెను చూపించాను. బీపీ చూసి డాక్టరమ్మ ముఖం మారిపోయింది. "ఇంకాస్త ఆగితే ఫిట్స్ వచ్చేవి," అంటూ ఆమెను పరుగున ఐసీయూకి తీసుకెళ్ళింది.

రెండు రోజులకు ఆమె తిరిగొచ్చింది. బిడ్డకు పాలిస్తూ నన్ను సూటిగా చూసి అడిగింది.

"నొప్పి నీకే అని చెప్పకపోతే వాళ్ళు వచ్చేవారా?"

నర్సు అక్కడే దుప్పటి సర్దుతోంది. నేను తనవైపు చూస్తే, సర్దిన దుప్పటినే మళ్ళీ సర్దింది.