పక్క క్వార్టర్‌లోని అక్క

కాగితం మిల్లు మూతపడ్డాక కాగజ్‌నగర్‌లో మా వరుస క్వార్టర్లు ఒక్కటొక్కటే ఖాళీ అయ్యాయి. మిల్లు పని పోయిన మా బాపుకు వేరే ఊళ్లో పని దొరకలేదు. మేము అక్కడే ఉండిపోయాం. ఆ వానాకాలంలోనే తమ్ముడికి జ్వరం వచ్చింది. మంచిర్యాల దవాఖానకు తీసుకుపోయేసరికి ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు. వాడు మళ్లీ ఇంటికి రాలేదు. వాడికి తొమ్మిదేళ్లు, నాకు పదిహేను.

మేము అవ్వ అని పిలిచే మా అమ్మ మంచం పట్టింది. జబ్బేమీ లేదు, లేవబుద్ధి కావడం లేదనేది. బడి నుంచి వచ్చి నేనే వండేదాన్ని.

మా పక్క క్వార్టర్‌కు ఏళ్లుగా తాళం. కొత్తగా పెళ్లై వచ్చిన ఒకామె చాలా కాలం కిందట అందులో చనిపోయిందనీ, అటు పోవద్దనీ చెప్పేవారు. కడుపునొప్పి అని కొందరు, ఉరి పెట్టుకుందని కొందరు. ఒక సాయంత్రం పెరట్లో గిన్నెలు తోముతూ ఏడుస్తుంటే సగం కూలిన గోడ అవతలి నుంచి ఎవరో పలికారు.

"ఏం కూర వండినవ్, చెల్లే?"

తలెత్తి చూశాను. తాళం వేసిన ఇంటి వెనక గడప మీద పచ్చ చీర కట్టుకుని ఒకామె కూర్చుని ఉంది. నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. ఎవరో అర్థమైంది. భయం మాత్రం వేయలేదు. భయపడాల్సింది మా ఇంట్లో అప్పటికే జరిగిపోయింది.

"పప్పు," అన్నాను. "మాడింది."

"మంట జర తగ్గియ్యకపోయినవా?" అంది.

ఆ తర్వాత రోజూ గోడ దగ్గరికి పోయేదాన్ని. టాకీసులో ఏ సినిమా నడుస్తోందో, ఏ క్వార్టర్ వాళ్లు ఎటు వెళ్లిపోయారో అడిగేది. తమ్ముడి చెప్పులు అవ్వ తీయనివ్వడం లేదని ఆమెకే చెప్పాను. బడిలో నా పక్కన కూర్చునే వాళ్లకు కూడా చెప్పలేదు. తను ఎట్లా చనిపోయిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

చనిపోయిన వాళ్ల పేరు మీద బియ్యం ఇచ్చే పెత్రామాస వచ్చింది. ముందురోజు ధైర్యం చేసి అడిగాను.

"అక్కా, మా తమ్ముడు ఆడ కనవడ్డడా?"

"ఆడ అంటే యాడ?"

"సచ్చిపోయినోళ్లు ఉండే కాడ."

ఆమె వెనక్కి తిరిగి ఇంటి వైపు చూసింది.

"నేను గీ ఇంట్లనే ఉన్న, చెల్లే. ఇంకెవ్వలు కనవడలే. మా అవ్వ సుత సచ్చిపోయిందని ఎవ్వలో అనంగ విన్న. ఆమె సుత రాలే."

తెల్లారి అవ్వ లేచి తలస్నానం చేసి, గుడి దగ్గర అయ్యగారికి తమ్ముడి పేరు మీద బియ్యం ఇచ్చింది. తిరిగి వస్తూ నా చెయ్యి పట్టుకుంది.

"మీ తాత కాడనే ఉన్నడు కావచ్చు వాడు. ముసలోడు మంచిగ చూసుకుంటడు గదా?"

"ఔనవ్వా," అన్నాను.

ఆ రోజు అవ్వ కడుపునిండా తింది. నేను నా పళ్లెం మీద అట్లాగే మూత పెట్టి లేచాను.

నా ఇంటర్ అయిపోయేనాటికి మిల్లు మళ్లీ తెరిచారు. బాపుకు కాంట్రాక్టు పని దొరికింది. పొద్దున్నే టిఫిన్ కట్టడానికి అవ్వ లేవడం మొదలుపెట్టింది. మా దినాలు మంచిగయ్యాయని అందరూ అన్నారు. పక్క క్వార్టర్ తాళం పగలగొట్టి సున్నాలు వేయించారు.

"ఇప్పుడు యాడికి పోతవక్కా?" అని అడిగాను.

"తెల్వదు. నువ్వు జర పిలువు. ఇనవడితే వస్త."

ఆమెను చూడటం అదే ఆఖరు. ఆ క్వార్టర్‌లో కొత్తగా దిగిన ఇల్లాలు ఒకరోజు చాయ్ తాగుదువు రమ్మంటే వెళ్లాను. గదులన్నీ చూపించింది. వెనక తలుపు అవతల వాళ్ల పిల్లలు ఆడుకుంటున్నారు. అక్కను మనసులోనే పిలిచాను.

ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్నాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అక్కను పైకే పిలుస్తాను, తర్వాత తమ్ముణ్ణి పిలుస్తాను. ఇంతవరకు ఎవరూ పలకలేదు.