ఔ వినబడేదాకా

నేను పనిచేసేది నాంపల్లిలోని ఒక చిన్న కంటి దవాఖానలో. కళ్ళతో నాకు పనిలేదు, సెల్లార్‌లో ఉండే కంప్యూటర్లతోనే పని. పేషెంట్ల కంటి లోపలి ఫోటోలన్నీ అక్కడ ఒక డిస్కుల పెట్టెలో ఉంటాయి. బీరువాలో సొరుగుల్లా వరుసగా డిస్కులు అమర్చిన ఇనప పెట్టె అది. పదకొండేళ్ల ఫోటోలు. షుగర్ ఉన్నవాళ్ళు ఆరు నెలలకోసారి వస్తారు. డాక్టరుగారు పాత ఫోటో పక్కన ఇవాళ్టిది పెట్టి చూసి, చూపు నిలుస్తుందో లేదో చెబుతారు. పాతది లేకపోతే ఇవాళ్టి ఫోటోతో తెలిసేది సగమే.

మొన్న వానాకాలంలో నీళ్ళు సెల్లార్ మెట్లు దిగి వచ్చి, ఆ పెట్టెకు జానెడు కింద ఆగాయి. కంప్యూటర్ల పనంతా చూసే మా మేడం గోడ మీది తడి గుర్తు వెంట చాక్‌పీసుతో గీత గీసి, దవాఖాన నడిపే పెద్దసారును పిలిచి చూపించారు. రెండో పెట్టె కొనడానికి ఆ గీత చాలింది. అది లక్డీకాపూల్‌లోని మా రెండో బ్రాంచిలో, మూడో అంతస్తులో ఉంటుంది. ఇక్కడ చేరిన ప్రతి ఫోటో ఇంటర్నెట్ లైను మీద వెంటనే అక్కడికీ వెళ్తుంది. ఇది మునిగినా అది మిగులుతుంది. అయితే పదకొండేళ్లవి లైను మీద పంపాలంటే నెలలు పడుతుంది. అందుకని మొదటి కాపీ రెండు పెట్టెలనూ మా సెల్లార్‌లోనే పెట్టి చేసుకుని, తర్వాత కొత్తదాన్ని వ్యానులో తీసుకుపోవాలని అనుకున్నాం.

మేడం పాతబస్తీ మనిషి. ఆవిడకు ఒక నియమం ఉంది. పెద్ద పని ఏదైనా ఒకరు చేయబోయేది పైకి చదవాలి, రెండోవాళ్ళు ‘ఔ’ అనాలి. ఔ వినబడేదాకా ఎవరూ బటన్ నొక్కకూడదు. నా గొంతు సంగతి తెలిసి కూడా ఆ రెండో మనిషి పని నాకే ఇచ్చారు. బడిలో నేను హాజరు పలికినా టీచరుకు వినబడేది కాదు. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు కొనేటప్పుడు బేరమాడను. పుస్తకం పట్టుకుని ఊరికే నిలబడతాను, అమ్మే ఆయనే విసుగొచ్చి తగ్గిస్తాడు. చెప్పాల్సినవన్నీ డైరీలోకి వెళ్తాయి.

కొత్త పెట్టె వచ్చిన రోజు దాని అట్టపెట్టె మీది నంబరు కూడా అలాగే రాసుకున్నాను. చివర అరవై ఎనిమిది. ఆ రోజు రాయడానికి ఇంకేమీ జరగలేదు.

రెండు పెట్టెలూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్, కవలల్లా ఉంటాయి. మేడం వాటి ముందు మూతల మీద ‘పాతది’, ‘కొత్తది’ అని కాగితాలు అంటించారు. శుక్రవారం పొద్దున, పని మొదలుపెట్టే ముందు బొట్లు పెట్టమన్నారు. మూతలు ఊడదీసి, దుమ్ము తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి మళ్ళీ బిగించాను.

కంపెనీ నుంచి గోదావరి వైపు ఇంజినీరు ఒకాయన వచ్చారు. మూతల మీది కాగితాలు చూసుకుని, వెనక్కి వెళ్ళి పెట్టెల నంబర్లు రాసుకొచ్చి తెర ముందు కూర్చున్నారు. ఈ కాపీలో ఒక పెట్టెలో ఉన్నదంతా రెండోదాని మీద పరుచుకుంటుంది. దిక్కు తప్పితే, ఖాళీ పెట్టెలోని ఖాళీ వచ్చి పదకొండేళ్ల ఫోటోల మీద పరుచుకుంటుంది. తెర హెచ్చరిస్తుంది గానీ, దిక్కు సరిగ్గా ఉన్నప్పుడూ అదే హెచ్చరిక ఇస్తుంది.

“అరవై ఎనిమిది నుంచి ముప్పై ఒకటికి,” అని ఆయన పైకి చదివారు.

అరవై ఎనిమిది కొత్తది కదా అనుకున్నాను. వెంటనే, అంత తెలిసిన మనిషి తప్పు చదువుతారా, నేనే తప్పు రాసుకున్నానేమో అనుకున్నాను. అలవాటు కొద్దీ తల ఊపాను, ఔ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు, మా ఇంట్లో నా మౌనం ఎప్పుడూ పూర్తి అంగీకారమే. ఇంజినీరుగారూ అలాగే అనుకుని మౌసు మీద చెయ్యి వేశారు.

“ఆగుండ్రి సార్. ఔ రాలే,” అన్నారు మేడం.

“తల ఊపారు కదండీ.”

“తల గాదు. ఔ రావాలె.”

ఆయన చెయ్యి తీశారు. మేడం నన్నేమీ అడగలేదు. కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని, బస్టాపులో కూర్చున్న మనిషిలా తాపీగా కూర్చున్నారు. నేను బ్యాగులోంచి డైరీ తీసి, ఆ పేజీ తెరిచి ఆవిడ ముందు పెట్టాను. ఆ పేజీలో మిగతా రోజులవి ఏమేం రాశానో గుర్తొచ్చి, మిగతాదానికి అరచెయ్యి అడ్డం పెట్టాను.

“నువ్వే చదువు బిడ్డా. నా అద్దాలు లేవు,” అన్నారు. అద్దాలు ఆవిడ తల మీదే ఉన్నాయి.

“అరవై ఎనిమిది కొత్తదండీ,” అన్నాను. “అట్టపెట్టె మీద అదే ఉంది.”

ఇంజినీరుగారు రెండు పెట్టెల్లో ఏమున్నదీ తెర మీద తెరిచి చూశారు. ముప్పై ఒకటి నిండుగా ఉంది. అరవై ఎనిమిది ఖాళీ. ఆయన లేచి మూతల మీది కాగితాలు మళ్ళీ చూశారు. అప్పుడు నాకు పొద్దుటి మూతలు గుర్తొచ్చాయి.

“తుడిచి పెట్టేటప్పుడు మూతలు నేనే తారుమారు చేశాను మేడం.”

తిడతారనుకున్నాను. “బొట్టు పెట్టమంటే మొఖాలే మార్చినవా,” అని ఆవిడ నవ్వారు. పెద్దసారుకు రాసిన కాగితంలో తప్పు ఎవరు చేశారో రాశారు, ఎవరు పట్టుకున్నారో కూడా రాశారు. రెండు చోట్లా నేనే.

దిక్కు మార్చిన కాపీ మూడు రోజులు నడిచింది. కొత్త పెట్టెకు దుప్పటి చుట్టి వ్యానెక్కించారు. డ్రైవరు పక్క సీట్లో మేడం కూర్చుని దాన్ని లక్డీకాపూల్ తీసుకెళ్ళారు.

నేను నోరు విప్పనప్పుడు అంతకుముందు ఎవరూ ఆగలేదు. ఆవిడకు థాంక్స్ చెప్పాలని మూడుసార్లు దగ్గరిదాకా వెళ్ళి, టీ తాగుతారా అని అడిగి వచ్చేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కొత్త పెట్టె అక్కడికి చేరిన మధ్యాహ్నం, లైను కలిపే ముందు, లక్డీకాపూల్ నుంచి ఫోనులో ఆవిడే చదివారు, “ముప్పై ఒకటి నుంచి అరవై ఎనిమిదికి.” నేను మా పెట్టె వెనక్కి వెళ్ళి, ఫోను లైటు వేసి, ఇనుము మీది నంబరు రెండుసార్లు చూశాను. అప్పుడు ఔ అన్నాను.

“జర మెల్లగ బిడ్డా,” అన్నారు అటు నుంచి. “చెవులు పోతున్నయ్.”